మ్యాపులో మైలు, కొండదారిలో మైలు

మా అమ్మానాన్నలు ఏప్రిల్‌లో అనకాపల్లి నుంచి ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కు వచ్చి ఆరు నెలలు మా దగ్గర ఉంటారని ఖాయమయ్యాక, వాళ్లను ఎక్కడికి తీసుకెళ్లాలన్న చర్చ మా ఇంట్లో జనవరిలోనే మొదలైంది. ఒక రాత్రి మా ఆవిడ ఫోన్‌లో ఒక ఫొటో చూపించింది. స్కాట్లండ్ పడమటి తీరంలో రెండు నల్లటి కొండల నడుమ మెలికలు తిరుగుతూ పైకి పాకే సన్నని రోడ్డు అది. పేరు బ్యాలఖ్ న బా. "మావయ్యగారు ఉద్యోగమంతా రోడ్ల మీదే చేశారు కదా, ఆయనకు ఈ రోడ్డు చూపించాలి" అంది. నాన్నగారు రహదారులు, భవనాల శాఖలో ఇంజనీరుగా చేసి పదవీ విరమణ చేశారు, అందులో చాలా ఏళ్లు పాడేరు వైపు ఘాట్ రోడ్ల మీదే గడిచాయి. ఆ మాట నాకూ నచ్చింది. ఆ రోడ్డును చూపించాలని మొదలుపెట్టిన ప్రణాళికలోంచి నాలుగు నెలల తర్వాత చివరికి కొట్టివేసింది ఆ రోడ్డునే.

ఆ రోడ్డు నార్త్ కోస్ట్ 500 అనే దారిలో ఒక భాగం. ఇన్వర్‌నెస్ కోట దగ్గర బయలుదేరి, స్కాట్లండ్ ఉత్తర భాగం అంచు వెంబడి చుట్టి, మళ్లీ ఇన్వర్‌నెస్‌కే వచ్చే దారి ఇది. కొత్తగా వేసిన రోడ్డేమీ కాదు, ఉన్న రోడ్లనే కలిపి 2015లో ఒక పేరు పెట్టి పర్యాటకులకు పరిచయం చేశారు. మొత్తం పొడవు 516 మైళ్లు, అంటే సుమారు 830 కిలోమీటర్లు. తూర్పున పొలాలు, ఇసుక తీరాలు, చేపల రేవులు ఉంటాయి. ఉత్తరాన సముద్రంలోకి నిట్టనిలువుగా తెగిన కొండచరియలు, పడమట ప్రపంచంలోనే అతి పురాతనమైన వాటిలో లెక్కకు వచ్చే, నైస్ అనే రకం శిలలు, వాటి మీద ఒంటరిగా నిలబడ్డ ఎర్రటి ఇసుకరాతి కొండలు ఉంటాయి. ఊళ్లు చిన్నవి, దూరదూరంగా ఉంటాయి. హోటల్ గదులు తక్కువ కనుకనే చాలామంది క్యాంపర్‌వ్యాన్ అద్దెకు తీసుకుంటారు. మాకు దానికి మరో కారణం కూడా ఉంది. నాన్నగారికి మోకాళ్ల నొప్పి, మధుమేహం, రోజూ ఇన్సులిన్. పూటకో హోటలుకు సామాను ఎక్కించి దించడం కన్నా, మంచం, వంట, ఫ్రిజ్ మాతోపాటే కదిలితే మేలనిపించింది.

నా మొదటి ప్రణాళిక చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. 516 మైళ్లను 5 రోజులకు పంచితే రోజుకు 103 మైళ్లు. లీడ్స్ నుంచి అంత దూరం మోటార్‌వే మీద రెండు గంటల్లోపే వెళ్తాం కనుక, కొండ రోడ్డు కాబట్టి మూడు గంటలు అనుకుని, మిగిలిన సమయమంతా చూడడానికే అని ఎక్సెల్‌లో రంగురంగుల గళ్లు గీశాను. ఆ పట్టికను వాట్సాప్‌లో నాన్నగారికి పంపాను. మర్నాడు పొద్దున్నే వీడియో కాల్ చేసి, పలకరింపులు కూడా లేకుండా, "ఇందులో ఎన్ని మైళ్లు రెండు వరసల రోడ్డు, ఎన్ని మైళ్లు ఒంటి వరస?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "అది తెలియకుండా మైళ్లను రోజులతో భాగించకూడదు. చింతపల్లి ఘాట్‌లో పది కిలోమీటర్లూ, అనకాపల్లి హైవేలో పది కిలోమీటర్లూ ఒకటేనా?" అన్నారు.

అప్పటి నుంచి నేను అసలు పని మొదలుపెట్టాను. వీధి దృశ్యాలు చూపించే ఆన్‌లైన్ మ్యాపులో, కూర్చున్న చోటు నుంచే, మొత్తం దారిని ముక్కలు ముక్కలుగా నడిచాను. ఇన్వర్‌నెస్ నుంచి విక్ దాకా ఏ9, ఏ99 రోడ్లు చాలా మేరకు రెండు వరసలవే. థర్సో దాటి పడమటికి తిరిగాక, టంగ్ నుంచి డర్నెస్ వైపు చాలా చోట్ల ఒంటి వరసే. ఈ ఒంటి వరస దారులకు ఒక పద్ధతి ఉంది. కొద్ది దూరానికొకసారి రోడ్డు పక్కకు కొంచెం ఉబ్బుతుంది, అక్కడ 'పాసింగ్ ప్లేస్' అని తెల్లటి పలక ఉంటుంది. ఎదురుగా బండి కనిపిస్తే, ఆ ఉబ్బు మన ఎడమ పక్కన ఉంటే అందులోకి దిగాలి, కుడి పక్కన ఉంటే దాని ఎదుట మన వరసలోనే ఆగి ఎదుటి బండిని అందులోకి రానివ్వాలి. వెనక స్థానికుల బండి ఉంటే దానికీ అక్కడే దారి ఇవ్వాలి. ఫొటోల కోసం అక్కడ బండి నిలపకూడదు. కొండ ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలన్న నియమం మన ఘాట్ రోడ్లలో ఎలా ఉందో ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకమైన హైవే కోడ్‌లోనూ అలాగే ఉందని చెబితే నాన్నగారు సంతోషించారు. పాసింగ్ ప్లేస్‌లో ఆగి, ఎదుటివారిని పంపి, చెయ్యెత్తి, మళ్లీ గేరు వేసుకుని కదలడం రోజుకు ఎన్నిసార్లు జరుగుతుందో ఊహించాక, అలాంటి దారిలో గంటకు 25 మైళ్లకు మించి లెక్క వేయకూడదని నియమం పెట్టుకున్నాను. 5 రోజుల పట్టిక అక్కడే చెల్లిపోయింది.

బండి వెతకడం దగ్గర మరో పాఠం. ప్రకటనల్లో '4 బెర్త్' అని రాసి ఉన్న వ్యాన్లన్నీ నలుగురు ప్రయాణించడానికి పనికిరావు. పడుకునే చోట్లు నాలుగున్నా, సీటు బెల్టులున్న సీట్లు రెండే ఉన్నవి ఉన్నాయి. నలుగురికీ బెల్టులున్న చిన్న వ్యాన్లలో రెండు పడకలు పైకి తెరుచుకునే కప్పులో ఉంటాయి. అక్కడికి నిచ్చెన ఎక్కాలి, పైగా అందులో పడుకునేవాళ్లు కింద మంచం పరిచాక రాత్రి దిగాలంటే కిందివాళ్లను లేపాలి. ఏడు మీటర్ల పెద్ద మోటార్‌హోమ్‌లో ఇవన్నీ సుఖమే, కానీ దాన్ని ఆ సన్నని దారుల్లో నడిపే ధైర్యం నాకు లేదు. చివరికి ఫియట్ డుకాటో మీద కట్టిన, 5.99 మీటర్ల పొడవున్న వ్యాన్ ఒకటి దొరికింది. వెనక కదపనక్కరలేని మంచం అమ్మానాన్నలకు, పైకప్పు పడక మా ఇద్దరికి, మధ్యలో చిన్న మరుగుదొడ్డి. వెడల్పు అద్దాలు కాకుండా 2.05 మీటర్లు. ఆ సంఖ్య చెప్పగానే నాన్నగారు, "మన లెక్కలో ఒంటి వరస రోడ్డంటే 3.75 మీటర్లు. నువ్వు చూపించిన ఫొటోల్లో రోడ్డు అంతకూడా ఉన్నట్టు లేదు, పక్కన ఏం మిగుల్తుందో చూసుకో" అన్నారు.

లైసెన్సు సంగతి చాలామంది తెలుగువాళ్లకు పనికొస్తుంది కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఇక్కడ ఆటోమేటిక్ కారులో పరీక్ష పాసైతే ఆటోమేటిక్ బండ్లే నడపాలి. నాలాగే తొందరగా లైసెన్సు కావాలని ఆ దారిలో వెళ్లినవాళ్లు మా ఆఫీసులోనే అయిదారుగురున్నారు. అద్దె వ్యాన్లలో మాన్యువల్ గేర్లవే ఎక్కువ, ఆటోమేటిక్‌వి కొన్నే ఉంటాయి, అవి ముందే అయిపోతాయి, అద్దె కూడా ఎక్కువ. నాలాంటి మామూలు కారు లైసెన్సుతో 3,500 కిలోల లోపు డీజిల్ బండే నడపవచ్చు. ఈ బరువు బండిది మాత్రమే కాదు, నీళ్లు, గ్యాసు, మనుషులు, అమ్మ తెచ్చే ఆవకాయ జాడీ అన్నీ కలిపి. మా ఆవిడకు మాన్యువల్ లైసెన్సు ఉంది, కానీ అంత పెద్ద బండి తాను నడపనని ముందే చెప్పేసింది. జనవరి చివర్లో ఆటోమేటిక్ వ్యాన్ దొరకడం మా అదృష్టమే. ఆ తర్వాత నేను చేసిన పొరపాటు ఒకటుంది. లైసెన్సు వివరాలు అద్దె సంస్థకు చూపించడానికి ప్రభుత్వ వెబ్‌సైటులో ఒక కోడ్ తీసుకోవాలి. ఆ కోడ్ 21 రోజులే చెల్లుతుంది. నేను ఉత్సాహం కొద్దీ బుకింగ్ రోజునే తీసి పంపి, పని అయిపోయిందనుకున్నాను. బయలుదేరే ముందు రోజు రాత్రి, సామాను సర్దుకునే వేళ, గడువు ముగిసిందని మెసేజ్ చూసి మళ్లీ తీయాల్సి వచ్చింది. కష్టమేమీ కాదు గానీ, ఆ అరగంట నా ముఖం చూసిన అమ్మ ప్రయాణమే ఆగిపోయిందేమో అనుకుంది.

ఎప్పుడు వెళ్లాలన్నది మిడ్జీలు తేల్చాయి. మిడ్జీ అంటే కంటికి ఆనీ ఆనని చిన్న దోమలాంటి పురుగు. ఒకటి కుడితే పట్టించుకోరు, కానీ అవి వేలకొద్దీ వస్తాయి. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి తీరంలో, గాలి లేని తేమ సాయంత్రాల్లో వాటి జోరు ఎక్కువ. గాలి కాస్త వీచినా, ఎండ బాగా కాసినా కనిపించవు. మే చివరి సోమవారం సెలవు, ఆ వారంలోనే ఇంగ్లండ్ బడులకు సెలవులు కనుక రద్దీ. ఇవన్నీ తీసేస్తే మాకు మిగిలింది మే నెల రెండో, మూడో వారాలు. ఆ రోజుల్లో ఉత్తర తీరంలో రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగుంటుంది. "అసుర సంధ్య వేళ దీపం ఎప్పుడు పెట్టాలి మరి?" అని అమ్మ అడిగింది. వ్యాన్‌లో మంట వెలిగించకూడదని చెప్పి బ్యాటరీ దీపం ఒకటి కొన్నాం. వేళ సంగతి ఆమే తేల్చుకుంది, ఇంట్లో లాగే ఏడింటికి, బయట ఎండ కాస్తున్నా సరే.

ఎటు నుంచి చుట్టాలన్న దాని మీద మా ఆవిడకూ నాకూ రెండు వారాలు వాదన నడిచింది. ఎక్కువమంది ఇన్వర్‌నెస్ నుంచి పడమటికి వెళ్లి, గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టుతారు. బ్రిటన్‌లోనూ మనలాగే ఎడమ పక్కన నడుపుతాం కాబట్టి అలా వెళ్తే సముద్రం మన పక్కనే ఉంటుంది. కానీ అప్పుడు మొదటి రెండు రోజుల్లోనే అతి కష్టమైన దారులు వస్తాయి, నేనా ఆరు మీటర్ల బండిని ఎప్పుడూ నడపలేదు. తూర్పు నుంచి మొదలుపెడితే మొదటి రెండు రోజులు మంచి రోడ్లు, ఆ బండి వెడల్పు చేతికి అలవాటవుతుంది, అందమైన పడమర చివరికి మిగులుతుంది. అలా వెళ్తే సముద్రం కుడి వైపుకు వస్తుంది. ఒంటి వరస దారిలో ఎడమేమిటి, కుడి ఏమిటి అని నా వాదన, పైగా లోయ అంచుకు దూరంగా ఉంటాం. చివరికి అమ్మను డ్రైవరు వెనక, కుడి కిటికీ పక్కన కూర్చోబెట్టాలన్న షరతు మీద తూర్పు నుంచే వెళ్లడానికి మా ఆవిడ ఒప్పుకుంది.

రాత్రి ఎక్కడ ఆగాలన్నది తర్వాతి ప్రశ్న. స్కాట్లండ్‌లో ఎక్కడైనా డేరా వేసుకోవచ్చని చాలామంది అంటారు, నేనూ అలాగే అనుకున్నాను. 2003 నాటి భూసంస్కరణల చట్టం ఇచ్చిన ఆ హక్కు నడిచో, సైకిలు మీదో వెళ్లేవారికి, మోటారు బండ్లకు కాదు. పైగా ఈ దారికి పేరొచ్చాక, మరుగుదొడ్డి మురుగును పొలాల పక్కన పారబోసి పోయే వాళ్ల వల్ల ఊళ్లవాళ్లకు విసుగెత్తింది. కాబట్టి ప్రతి రాత్రికీ క్యాంప్‌సైట్ బుక్ చేశాను. అక్కడ కరెంటు, మంచినీళ్లు, మురుగు వదలడానికి ఎల్సాన్ పాయింట్, వేడి నీళ్ల స్నానం ఉంటాయి. ఫిబ్రవరిలోనే కొన్ని చోట్ల కరెంటు ఉన్న స్థలాలు అయిపోవడం చూసి, మిగతా పనులు ఆపి రెండు సాయంత్రాల్లో బుకింగులన్నీ ముగించాను. ఒక్క చోట మాత్రం బండి పొడవు ముందే చెప్పలేదని తిరిగి ఫోన్ చేసి చెప్పాల్సి వచ్చింది.

రోజూ బండి కదపకూడదని, కనీసం మూడు చోట్ల రెండేసి రాత్రులు ఉండాలని నాన్నగారు పట్టుబట్టారు. "రోజూ పొద్దున్నే తీగలు పీకి, నీళ్లు పారబోసి, గిన్నెలు కట్టుకుని పోతే అది యాత్ర కాదు, బదిలీ" అన్నారు. ఆ మాటతో దారి మరింత కుదించాను. లాఖిన్వర్ నుంచి డ్రమ్‌బెగ్ మీదుగా తీరం వెంట వెళ్లే బి869 రోడ్డు నిట్టనిలువు మలుపులది, అది పోయింది. మరికొన్ని అంచులు పోయాయి. ఇక మిగిలింది బ్యాలఖ్ న బా.

ఆ రోడ్డు సముద్ర మట్టం దాపు నుంచి 626 మీటర్ల ఎత్తుకు ఎక్కి, అవతల యాపిల్‌క్రాస్ అనే ఊళ్లో దిగుతుంది. వాలు కొన్ని చోట్ల అయిదుకు ఒకటి. నాన్నగారు అప్పటికి మా ఇంటికి వచ్చేశారు. భోజనాల బల్ల మీద కాగితం పరిచి లెక్క చూపించారు. "కొండ ప్రాంతాల్లో మేం వేసే రోడ్డుకు రూలింగ్ గ్రేడియంట్, అంటే మామూలుగా మించకూడని వాలు, ఇరవైకి ఒకటి. తప్పనిసరి అయితే పద్నాలుగుకు ఒకటి దాకా పోతాం. ఇది అయిదుకు ఒకటి. ఎక్కడం ఇంజను చూసుకుంటుంది, దిగడం ఎవరు చూసుకుంటారు? మూడున్నర టన్నుల బండిని బ్రేకు మీద దింపకూడదు, గేరు మీద దింపాలి." మొదటి మైలు దాటాక చాలా పెద్ద వాహనాలు, కారు వెనక తగిలించి లాగే కారవాన్లు, కొత్తగా నేర్చుకునేవారు వెళ్లరాదని ఆ రోడ్డు మొదట్లోనే పలక ఉందని నేనూ చదివాను. మా బండి 'చాలా పెద్దది'లో పడుతుందా లేదా అన్నది తేల్చే సంఖ్య పలక మీద లేదు. మా ఆవిడ మాత్రం తన ఫొటో వదలడానికి సిద్ధంగా లేదు. 1970లలో వేసిన తీరపు రోడ్డు మీదుగా షీల్డేగ్ నుంచి యాపిల్‌క్రాస్‌కు వెళ్లి అదే దారిన తిరిగి రావచ్చు గానీ, దానికి ఒక రోజంతా పోతుంది.

ఆ వాదన నడుస్తుండగా నాన్నగారు ఆ పేరుకు అర్థం ఏమిటని అడిగారు. గేలిక్ భాషలో ఆవుల కనుమ అని చెప్పాను. పూర్వం పశువులను సంతలకు తోలుకెళ్లిన దారి అది. వంటింట్లోంచి అమ్మ వెంటనే, "కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆవుల కనుమట, ఇంకేం కావాలి. వద్దు నాన్నా" అంది. ఆ శాస్త్రం కొండ కనుమకు వర్తించదని నేను చెప్పబోయాను గానీ, మా ఆవిడ నవ్వేసింది. ఆ నవ్వుతోనే ఆ గడి పట్టికలోంచి పోయింది.

ఏప్రిల్ ఆఖరి శనివారం ఒక సాధన యాత్ర చేశాం. మా స్నేహితుడి చిన్న క్యాంపర్‌వ్యాన్‌కు ఒక రోజు బీమా తీసుకుని, యార్క్‌షైర్ డేల్స్‌లో ఒక పొలంలోని క్యాంప్‌సైట్‌కు వెళ్లాం. అమ్మానాన్నలు వ్యాన్‌లో, మేమిద్దరం పక్కనే డేరాలో. ఆ ఒక్క రాత్రి నాకు నేర్పినంత మూడు నెలల చదువు నేర్పలేదు. పొద్దున్నే టీ కోసం ఇంట్లో వాడే కెటిల్ పెట్టగానే కరెంటు పోయింది. ఆ సైటు ఇచ్చేది 10 ఆంపియర్లు, అంటే 230 వోల్టుల మీద 2,300 వాట్లు. మా కెటిల్ 3,000 వాట్లది. 700 వాట్ల రైస్ కుక్కర్ నడుస్తుంది, కానీ అదీ హీటరూ కెటిలూ కలిసి నడవవు. దగ్గర్లో ఉన్న దుకాణంలో తక్కువ వాట్ల కెటిల్ కొన్నాం. నాన్నగారు రాత్రి రెండుసార్లు లేచారు. వ్యాన్ మెట్టు ఎత్తు ఆయన మోకాళ్లకు ఎక్కువైంది, మడిచే ప్లాస్టిక్ మెట్టు ఒకటి, చీకట్లో వెలిగే చిన్న దీపం ఒకటి జాబితాలో చేరాయి. తలుపు తెరిచి పోపు వేయగానే పొగ అలారం మోగి పక్క డేరాల వాళ్లు తొంగి చూశారు. అప్పటి నుంచి పోపు బయటి స్టవ్ మీదే అని తీర్మానించాం. అద్దె సంస్థ షరతుల్లోనూ వంట వాసన ఎక్కువైతే శుభ్రపరిచే ఖర్చు పడుతుందని ఉంది కాబట్టి ఆ తీర్మానం అన్ని విధాలా మేలు చేసింది.

ఇన్సులిన్ విషయంలో మాత్రం ఎవరి మాటా వినకుండా నేనే జాగ్రత్త పడ్డాను. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. వ్యాన్ ఫ్రిజ్‌లో ఐసు పెట్టె చిన్నది, దానికి ఆనుకున్న చోట చల్లదనం ఎక్కువ. సాధన రాత్రి ఒక చిన్న థర్మామీటరు అందులో పెట్టి చూస్తే, పైఅరలో సున్నాకు దగ్గరగా ఉంది, తలుపు అరలో 6 డిగ్రీలు. ఇన్సులిన్ స్థానం అక్కడ ఖాయమైంది. అద్దె వ్యాన్ ఎక్కిన రోజున అదే పరీక్ష మళ్లీ చేశాను.

వంట సామాను అమ్మ ఇలాకా. రెండు పొయ్యిల స్టవ్, ఒక చిన్న సింకు, సుమారు 100 లీటర్ల నీళ్లు అని చెప్పగానే ఆవిడ ప్రణాళిక నాకన్నా చక్కగా వేసింది. పులిహోర పులుసు రెండు సీసాలు, కందిపొడి, గోంగూర పచ్చడి, వేయించిన ఉప్మా రవ్వ, చారుపొడి, మూడు లీటర్ల ప్రెషర్ కుక్కర్ ఒకటి. అంట్లు తోమడానికి నీళ్లు ఎక్కువ పోతాయని, తినేటప్పుడే కాగితపు కంచాలు వాడదామని తనే చెప్పింది. ఆ నీళ్లన్నీ కింద ఒక తొట్టిలోకి చేరతాయని, వాటిని మళ్లీ మనమే తీసుకెళ్లి పారబోయాలని చెప్పాక, అందరికన్నా పొదుపుగా వాడింది నాన్నగారు. మరుగుదొడ్డి పెట్టె ఖాళీ చేయడం నా వంతు. ఆ పనిని గురించి ఎక్కువ రాయను. రెండో రోజుకే అలవాటవుతుంది, నీలం రంగు ద్రావకం తగినంత వాడాలి, అంతే.

ఖర్చు లెక్కలోనూ ఒక చోట తప్పాను. వ్యాన్ గ్యాలనుకు 30 మైళ్లు ఇస్తుందని అనుకుని, పక్కదారులతో కలిపి 600 మైళ్లకు 20 గ్యాలన్లు, అంటే 91 లీటర్ల డీజిల్ చాలనుకున్నాను. కానీ అసలు ఖర్చు డీజిల్ కాదు, అద్దె. పైగా బండికి గీత పడితే మనం భరించాల్సిన మొత్తం 1,500 పౌండ్లు. సన్నని దారిలో అద్దం రాయికి తగలడం ఎంత సులువో ఊహించి, ఆ మొత్తాన్ని తగ్గించే అదనపు బీమా విడిగా తీసుకున్నాను. పాసింగ్ ప్లేస్‌లో మూడో రోజే ఎడమ అద్దం ఒక పొదను రాసుకున్నప్పుడు ఆ డబ్బు దండగ కాలేదనిపించింది.

చివరికి నిలిచిన పట్టిక ఇది. లీడ్స్ నుంచి యార్క్‌కు, అక్కడి నుంచి ఇన్వర్‌నెస్‌కు రైలులో వెళ్తాం, ఆరు గంటలకు పైగా ప్రయాణం. లీడ్స్‌లో వ్యాన్ తీసుకుంటే రెండు రోజులు మోటార్‌వే మీదే పోతాయి కాబట్టి ఇన్వర్‌నెస్‌లోనే అద్దెకు తీసుకుంటాం. మొదటి రాత్రి డోర్నోక్, ఎందుకంటే మధ్యాహ్నం మూడింటికి బండి చేతికి వస్తుంది, ఆ రోజు గంట కన్నా ఎక్కువ నడపకూడదు. తర్వాత డన్‌రోబిన్ కోట చూసుకుని డన్నెట్ తీరంలో రెండు రాత్రులు. బ్రిటన్ ప్రధాన భూభాగంలో ఉత్తరాన చిట్టచివరి చోటు డన్నెట్ హెడ్ అక్కడే ఉంది, చాలామంది అనుకున్నట్టు జాన్ ఓ గ్రోట్స్ కాదు. డర్నెస్‌లో రెండు, ఉల్లపూల్‌లో రెండు, గైర్‌లాఖ్‌లో ఒకటి. చివరి రాత్రి ఇన్వర్‌నెస్ దగ్గరే, ఎందుకంటే పొద్దున పది గంటలకు బండి అప్పగించాలి. మొత్తం 9 రాత్రులు. సాయంత్రం అయిదింటికల్లా క్యాంప్‌సైట్‌లో ఉండాలని ఒక నియమం. మేలో రోడ్డంతా గొర్రెపిల్లలు, చీకటి పడే వేళ జింకలు. సిగ్నల్ ఉండని చోట్లు చాలా ఉంటాయి కనుక మ్యాపులు ముందే ఫోన్‌లో దించుకున్నాను. ఇంధనం సగానికి రాగానే నింపాలన్నది నాన్నగారి నియమం, దాన్ని పట్టిక పైన ఎర్ర సిరాతో రాశారు.

ప్రయాణం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను, ఇది దాని ఏర్పాట్ల కథ. పట్టిక చాలావరకు నిలిచింది. డన్నెట్‌లో రెండో రోజు గాలికి వ్యాన్ ఊయలలా ఊగి, పైకప్పు పడక మూసేసి మేమిద్దరం ముందు సీట్లలో నిద్రపోయాం. ఆ సంగతి ఏ పట్టికలోనూ లేదు. టంగ్ దాటాక లాఖ్ ఎరిబోల్ చుట్టూ తిరిగే దారిలో 25 మైళ్ల లెక్క సరిగ్గా సరిపోయింది. కైల్‌స్కూ దగ్గర 1984లో తెరిచిన వంపు వంతెనను చూడడానికి నాన్నగారు బండి ఆపించి, స్తంభాల వాలు చూస్తూ అరగంట ఉండిపోయారు. అది ముందే అనుకుని ఉంటే ఆ రోజు మరో గంట విడిచేవాడిని. డర్నెస్‌లో స్మూ గుహలోకి దిగే మెట్లు ఆయన మోకాళ్లకు కుదరలేదు. అమ్మా మా ఆవిడా వెళ్లొచ్చి, బొర్రా గుహలంత పెద్దదేమీ కాదని తీర్పు చెప్పారు.

గైర్‌లాఖ్ నుంచి చివరి రోజు మాత్రం, ముందే అనుకున్న సూటి దారి వదిలి, టొరిడన్, షీల్డేగ్ మీదుగా లాఖ్‌కారన్ చుట్టి వెళ్లేలా దూరం పెంచాను. 115 మైళ్లు ఉంటుంది. అది మా యాత్రలో ఒంటి వరస దారి ఉన్న అతి పొడవైన రోజు. నాన్నగారికి కారణం చెప్పలేదు. టోర్నప్రెస్ అనే చోట ఏ896 రోడ్డు నుంచి ఎడమకో కుడికో తిరగాల్సిన మలుపు వస్తుందనే మ్యాపు చెబుతుంది గానీ, అక్కడి పెద్ద పలకను చూడకుండా ఎవరూ దాటిపోలేరు. ఎత్తు 2,053 అడుగులు, వాలు అయిదుకు ఒకటి, హెయిర్‌పిన్ మలుపులు, ఎవరెవరు వెళ్లరాదో ఆ జాబితా. మా ఆవిడ, "మావయ్యగారూ, ఒక్కసారి దిగండి" అంది. ప్లాస్టిక్ మెట్టు వేశాను. ఆయన కర్ర పట్టుకుని పలక ముందు నిలబడి మొదటి నుంచి చివరి దాకా చదివారు. తర్వాత తలెత్తి, మబ్బులోకి వెళ్లి కనిపించకుండా పోయిన ఆ రోడ్డు వైపు చాలాసేపు చూశారు. ఒక చిన్న ఎర్ర కారు మమ్మల్ని దాటి పైకి వెళ్లింది. అది మొదటి వంపు తిరిగే దాకా ఆయన చూస్తూనే ఉన్నారు. మా ఆవిడ ఫొటో తీసింది. తిరిగొచ్చి సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుంటూ, "డ్రైనేజీ బాగానే వేశారు" అన్నారు. నేను బండిని లాఖ్‌కారన్ వైపు తిప్పాను.